గెలిచిన డబ్బుతో విశాఖలో ఆస్తి: ప్లాటా, ఫ్లాటా, కొన్నాళ్లు ఆగడమా?

కేరళ లాటరీ, గోవా క్యాసినో, గుర్రప్పందేలు, టీవీ క్విజ్ షో. ఎక్కడ గెలిచినా సరే, ఆ డబ్బుతో విశాఖలో స్థలమో ఫ్లాటో కొందామని చూస్తున్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదేళ్లపాటు ధర ఒక్క రూపాయి పెరగకపోయినా మీకు పనికొచ్చే ఆస్తినే కొనండి. ధర పెరిగితే తప్ప గిట్టని ఆస్తి కొన్నారంటే రెండో పందెం కాసినట్టే. పైగా ఈ పందెంలో ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది, మధ్యలో లేచి వచ్చేద్దామంటే కుదరదు.

ఊరు ఇప్పుడు మంచి ఊపుమీద ఉంది. కాఫీ హోటల్లో కూర్చున్నా, పెళ్లి భోజనాల్లో కూర్చున్నా గజం రేటు మాటలే. ఇలాంటి సమయంలో కష్టపడి కూడబెట్టిన డబ్బున్నవాడు నాలుగుసార్లు ఆలోచిస్తాడు. ఒక్కరోజులో వచ్చిపడిన డబ్బున్నవాడికి ఆ ఆలోచన రానివ్వకుండా చుట్టూ మనుషులు చేరతారు. అందుకే ఆస్తుల పోలికకు ముందు డబ్బు లెక్క తేల్చుకుందాం.

చేతికి నిజంగా ఎంత వస్తుంది

కోటి రూపాయలు తగిలిందంటే కోటీ మీ చేతికి రాదు. కేరళ లాటరీనే తీసుకోండి. ముందు టికెట్ అమ్మిన ఏజెంటుకు 10 శాతం కమీషన్ పోతుంది, మిగిలేది 90 లక్షలు. దానిమీద 30 శాతం, అంటే 27 లక్షలు, అక్కడే పన్ను కింద (టీడీఎస్) పట్టుకుంటారు. మీ ఖాతాలో పడేది 63 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడితో అయిపోయిందనుకుని బయానా ఇచ్చేస్తారు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి ఆ పన్నుమీద 10 శాతం సర్‌ఛార్జి, రెండూ కలిపిన మొత్తంమీద 4 శాతం సెస్ పడతాయి. కలిపి 34.32 శాతం, అంటే రూ. 30,88,800. పట్టుకున్న టీడీఎస్ పోగా ఇంకా రూ. 3,88,800 మీరే కట్టాలి. అదీ అడ్వాన్స్ ట్యాక్స్‌గా, ఆ ఆర్థిక సంవత్సరం మార్చి 31 లోపు. చివరికి మీకు మిగిలేది రూ. 59,11,200. కోటి గెలిచినవాడి ఇంటి బడ్జెట్ 59 లక్షల దగ్గర మొదలవుతుంది, 63 దగ్గర కాదు.

ఈ పన్నుకు కనీస మినహాయింపు పరిమితి వర్తించదు. 80సీ లాంటి పొదుపు మినహాయింపులు పనికిరావు. గతంలో పందేల్లో పోగొట్టుకున్నది చూపించి తగ్గించుకోవడానికీ వీల్లేదు. "ఇల్లు కొనేస్తే ట్యాక్స్ ఉండదు గురూ" అని చెప్పేవాళ్లు తప్పక తగులుతారు. పాత చట్టంలో 54, 54ఎఫ్ సెక్షన్ల కింద ఇచ్చిన మినహాయింపు ఆస్తులు అమ్మినప్పుడు వచ్చే మూలధన లాభానికే పరిమితం. లాటరీ డబ్బుకు అది ఏనాడూ లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, గెలుపు డబ్బుమీద 30 శాతం మాత్రం అలాగే ఉంది.

ఆ గెలుపు చూపించుకోగలిగినదేనా

ఇది సూటిగా మాట్లాడుకోవాల్సిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ నిషేధం. సంక్రాంతి కోడిపందేలు ఎంత బహిరంగంగా జరిగినా చట్టప్రకారం నేరమే. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆపేసింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. గోవా క్యాసినోలో గెలిచి, టీడీఎస్ పోగా బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుకు పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయి. బరి దగ్గర కట్టలుగా చేతికొచ్చిన నగదుకు అవి ఉండవు.

అలాంటి నగదును స్థలంలో పెట్టేస్తే శుభ్రమైపోతుందని అనుకోవడం ప్రమాదం. ఆస్తి లావాదేవీలో రూ. 20,000, అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. పెద్ద విలువ రిజిస్ట్రేషన్ల సమాచారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. బావమరిది పేరు మీద కొందామన్నది మరీ చెడ్డ సలహా. అది బినామీ లావాదేవీ, ఆస్తినే జప్తు చేయొచ్చు. భార్య పేరున గానీ పిల్లల పేరున గానీ లెక్క చూపగల డబ్బుతో కొంటే బినామీ కిందికి రాదు. అయితే భార్య పేరున కొన్న ఇంటి అద్దె మీ ఆదాయంలోనే కలుస్తుంది.

లెక్క చూపగల డబ్బు ఉన్నవారికి ఇంకో మాట. అమ్మేవాళ్లు "సగం వైట్, సగం బ్లాక్" అంటే ఒప్పుకోవద్దు. మీది పూర్తిగా పన్ను కట్టిన డబ్బు. కొన్న ధర మొత్తం డాక్యుమెంటులో ఉంటేనే రేపు అమ్మినప్పుడు మూలధన లాభం తక్కువగా తేలుతుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ కంటే బాగా తక్కువకు రాయించుకుంటే ఆ తేడా మీ ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు. ధర రూ. 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే దాంట్లో 1 శాతం టీడీఎస్ మీరే పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఇది మరిచిపోయి నోటీసులు అందుకునేవాళ్లు ఎందరో.

ఊరి పొంగు దేనిమీద నిలబడింది

2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. దాని డేటా సెంటర్లకు ఆనందపురం మండలం తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లా రాంబిల్లి అనుకున్నారు. అదే ఏడాది టీసీఎస్‌కు రుషికొండలో, కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో ఎకరా 99 పైసలకు భూములిచ్చారు. అటు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం. ఇవన్నీ నిజమైన కారణాలే. గాలివాటం అని నేను అనను.

అయితే ఈ ఊళ్లో ప్రకటనకీ పనికీ మధ్య ఎంత దూరం ఉంటుందో కూడా చూడాలి. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ముడసర్లోవలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది, మధ్యలో దాదాపు ఆరేళ్లు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా మెట్రో అని ఎన్నేళ్లుగా వింటున్నామో అందరికీ తెలుసు. 2019 డిసెంబరులో విశాఖ కార్యనిర్వాహక రాజధాని అన్నారు. ఆ మాట నమ్మి కాపులుప్పాడ, భీమిలి వైపు కొన్నవాళ్లకు 2024 ఎన్నికల తర్వాత ఆ కారణమే లేకుండా పోయింది. ఇప్పుడు అదే కాపులుప్పాడకు ఐటీ అనే కొత్త కారణం వచ్చింది. సొంత డబ్బుతో కొని ఆగగలిగినవాళ్లు తట్టుకున్నారు, అప్పు చేసి కొన్నవాళ్లు మధ్యలో అమ్ముకున్నారు. ధర ఎప్పుడు పెరుగుతుందో మన చేతిలో లేదు. ఎన్నాళ్లు ఆగగలమన్నదే మన చేతిలో ఉన్నది.

ఇంకో తేడా కూడా గమనించాలి. డేటా సెంటర్ అంటే యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. కట్టేటప్పుడు వేలమంది పనిచేస్తారు, నడిపేటప్పుడు అంతమంది అక్కర్లేదు. ఐటీ ఆఫీసు అలా కాదు, దాని చుట్టూ అద్దె ఇళ్లు నిండుతాయి. కాబట్టి "గూగుల్ పక్కనే" అని తర్లువాడ దగ్గర ప్లాటు చూపించేవారి మాటనూ, మధురవాడ, కొమ్మాది, ఎండాడల్లో ఫ్లాటుకు అద్దె వస్తుందనేవారి మాటనూ ఒకే కాటాలో తూచకూడదు. రెండోదానికి ఇప్పటికే అద్దెకుండే మనుషులున్నారు.

ప్లాటు

ఆనందపురం, తగరపువలస, భోగాపురం దారిలో ప్లాట్ల ప్రకటనలకు లెక్కలేదు. ప్లాటుకు ఉన్న ఆకర్షణ నాకు అర్థమవుతుంది. మెయింటెనెన్స్ లేదు, పాతబడదు, పిల్లలకు ఉంటుంది. ధర పెరిగితే ఫ్లాటుకంటే ఎక్కువే పెరుగుతుంది.

లెక్క చూద్దాం. 40 లక్షల ప్లాటు అనుకోండి. స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 3 లక్షలు. మొత్తం 43 లక్షలు. ఇదే డబ్బు 6.5 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే ఐదేళ్లకు పన్నుకు ముందు సుమారు 58.9 లక్షలవుతుంది. మీ ప్లాటు దాన్ని అందుకోవాలంటే ఐదేళ్లలో గజం ధర దాదాపు సగం పెరగాలి. అప్పుడు గానీ సమానం కాదు. అమ్మేటప్పుడు మధ్యవర్తి కమీషన్, లాభంమీద 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభ పన్ను వేరే. ఈలోగా అద్దె పైసా రాదు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలో ఉంటే ఖాళీ స్థలం పన్ను, తుప్పలు కొట్టించడం, కంచె, హద్దురాళ్లు, ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి చూసుకోవడం ఇవన్నీ మీమీదే. దూరంగా ఉండేవాళ్ల ప్లాట్లలోనే పక్కవాడి గోడ లోపలికి జరుగుతుంది.

అయినా ప్లాటు కొనొద్దని నేను అనడం లేదు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఆమోదించిన లేఅవుట్, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) నంబరు, రోడ్డు, కరెంటు, చుట్టూ ఇప్పటికే నాలుగు ఇళ్లు లేచిన చోటు దొరికితే, ఐదారేళ్లలో ఇల్లు కట్టుకునే ఉద్దేశం మీకుంటే అది మంచి కొనుగోలే. ఇల్లు కట్టే ఆలోచన లేకుండా, వార్త చూసి కొని వార్త చూసి అమ్మేద్దామనుకునే ప్లాటునే నేను వద్దంటున్నాను.

కట్టేసి ఉన్న ఫ్లాటు

59 లక్షలతో ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బేలో కొత్త ఫ్లాటు అందదు. మధురవాడ లోపలి వీధుల్లో, గోపాలపట్నం, పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు కొంత పాతబడిన రెండు పడగ్గదుల ఫ్లాటు అందొచ్చు. 45 లక్షలకు దొరికిందనుకుందాం. రిజిస్ట్రేషన్‌తో 48.4 లక్షలు. నెలకు 15,000 అద్దె, ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే 1.65 లక్షలు. ఇంటిపన్ను, రిపేర్లు, సున్నం, అన్నీ పోను 1.4 లక్షలు మిగిలిందనుకుంటే పెట్టుబడి మీద 2.9 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే తక్కువే. మిగతాది ధర పెరుగుదల నుంచి రావాలి, ఏడాదికి మూడు నాలుగు శాతం పెరిగినా చాలు. ప్లాటు నుంచి ఆశించేదానితో పోలిస్తే ఇది చిన్న కోరిక. అదే దీని బలం.

అద్దె ఇంట్లో ఉంటున్నవారికైతే ఈ లెక్క ఇంకా బాగుంటుంది. నెలనెలా ఇచ్చే అద్దె ఆగిపోతుంది, యజమాని ఖాళీ చెయ్యమంటాడన్న బెంగ పోతుంది. గెలిచిన డబ్బుతో చేయగల పనుల్లో సొంతానికి ఒక ఇల్లు ఏర్పరచుకోవడాన్ని మించినది నాకు కనబడలేదు.

ఫ్లాటు కొనేటప్పుడు ధరను గజాల్లో కూడా చూడండి. మీ వాటాకు వచ్చే అవిభాజ్య భూమి, అందరూ యూడీఎస్ అంటారు, ఎన్ని గజాలో డాక్యుమెంటులో ఉంటుంది. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గి భూమి విలువే మిగులుతుంది. నాలుగు అంతస్తుల పాత గ్రూప్ హౌస్‌లో 45 గజాల వాటా వస్తే, పాతిక అంతస్తుల కొత్త టవర్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టే ఊరు మనది. బీచ్ వైపు పాత బిల్డింగ్ అయితే స్లాబు అడుగున పెచ్చులు, బాల్కనీ ఊచలు, టెర్రస్ ముందు చూడాలి, లోపలి మాడ్యులర్ కిచెన్ తర్వాత. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరులో ఈ ఊరికి నేర్పిన పాఠం కూడా ఉంది. కిటికీలు, పార్కింగ్‌లో నీళ్లు నిలవడం, జనరేటర్ గురించి పాత కాపురస్తుల్ని అడిగి తెలుసుకోండి.

కడుతున్న ఫ్లాటు, ప్రీ-లాంచ్

కడుతున్న ఫ్లాటుకు రెరా రిజిస్ట్రేషన్ ఉంటే కొంత రక్షణ ఉంది. కొనుగోలుదారులు కట్టినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, అగ్రిమెంట్ రాయకుండా 10 శాతం మించి తీసుకోకూడదు, నిర్మాణ లోపాలకు ఐదేళ్లు బిల్డరే బాధ్యుడు. దీనికి 5 శాతం జీఎస్టీ అదనం. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

అనుమతులు రాకముందే అమ్మే ప్రీ-లాంచ్ అంటే మాత్రం నాకు భయం. "మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే" అన్న ఆఫర్‌కు సరిగ్గా సరిపోయే మనిషి ఎవరంటే, ఖాతాలో ఒకేసారి అరవై లక్షలు పడినవాడు. జీతంతో బతికేవాడి దగ్గర అంత డబ్బు ఒకేసారి ఉండదు, అందుకని వాణ్ణి అడగరు, మిమ్మల్ని అడుగుతారు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిదికి మించి యూనిట్లతోనో వచ్చే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకాలే చట్టవిరుద్ధం. అనుమతులు రాని ప్రాజెక్టుకు మీరిచ్చేది కొనుగోలు ధర కాదు, హామీ లేని అప్పు. ఎంత దగ్గరి చుట్టం తెచ్చిన ఆఫరైనా ఇది వదిలేయండి.

పాత ఇల్లు, ఫామ్ ప్లాటు, షాపు

గాజువాక, కూర్మన్నపాలెం, మర్రిపాలెం వైపు వంద, నూటయాభై గజాల్లో రెండు పోర్షన్ల పాత ఇల్లు ఒకప్పుడు ఉద్యోగుల ఆస్తి. 2021లో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ మాట వచ్చాక అటువైపు భయపడ్డారు. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. ఒక ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డ చోటుకు ఆ రిస్కు ఎప్పుడూ ఉంటుంది. కానీ కింద మీరుండి పైన అద్దెకిచ్చుకునే ఇల్లు, భూమి మొత్తం మీదే అయిన ఇల్లు దొరికితే ఫ్లాటుకంటే ముందు దాన్నే చూడమంటాను.

పద్మనాభం, శృంగవరపుకోట వైపు ఫామ్ ప్లాట్లంటూ సెంట్లలో అమ్మేవి చాలావరకు వ్యవసాయ భూమిని ముక్కలు చేసినవి. లేఅవుట్ అనుమతి ఉండదు, ఇంటి ప్లాన్ రాదు. వద్దు. షాపులకు అద్దె బాగానే వస్తుంది కానీ ఖాళీ పడితే నెలలకొద్దీ ఖాళీ. వ్యాపారం తెలిసినవారికే అది.

విశాఖ కాగితాలు

ఏ ఊళ్లోనైనా ఈసీ (ఆస్తిమీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పాత యజమానుల నుంచి వచ్చిన లింక్ డాక్యుమెంట్లు చూడాలి. మన ఊళ్లో అంతటితో సరిపోదు. మధురవాడ, కొమ్మాది, ఆనందపురం ప్రాంతాల భూ రికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణలమీద 2017లో ప్రభుత్వం సిట్ వేయాల్సి వచ్చింది. అందులో మాజీ సైనికులకిచ్చిన భూములు పెద్ద అధ్యాయం. అలాంటి భూమికి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అసలుదో కాదో కలెక్టరేట్‌లో నిర్ధారించుకోవాలి. అమ్మేవాళ్లు చూపించిన జిరాక్స్ చాలదు. పేదలకిచ్చిన డి-పట్టా భూముల బదిలీపై 1977 చట్టం నిషేధం ఉంది. సింహాచలం దేవస్థానంతో పంచగ్రామాల భూహక్కుల వివాదం అడవివరం, వేపగుంట వైపు ఇళ్లను దశాబ్దాలుగా వెంటాడుతోంది. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరుందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే చూసుకోవచ్చు.

గెడ్డలు, కొండ పోరంబోకులు కలిపేసిన లేఅవుట్లు ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు. వాన పడిన మర్నాడు స్థలం చూడ్డానికి వెళ్లండి, గెడ్డ ఎటు పారుతుందో కనబడుతుంది. బీచ్ రోడ్డులో తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, ఎర్రమట్టి దిబ్బల పరిసరాల్లో పరిమితులు, నేవీ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఎత్తు పరిమితులు ఉంటాయి. వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం మీదుగా రోడ్డు గీత ఉందేమో కూడా చూడాలి. కాపులుప్పాడ దగ్గర ఫ్లాటు చూస్తుంటే డంపింగ్ యార్డు ఎంత దూరమో, గాలి ఎటు వీస్తుందో సాయంత్రంపూట నిలబడి తెలుసుకోండి. బ్రోచర్‌లో అది రాయరు. బిల్డర్ తరఫు లాయర్ ఇచ్చిన లీగల్ ఒపీనియన్‌తో సరిపెట్టుకోకుండా మీ సొంత లాయర్‌కు ఫీజిచ్చి ముప్ఫై ఏళ్ల లింకులు చదివించండి. 45 లక్షల కొనుగోలులో ఇంతకంటే సార్థకమైన ఖర్చు ఉండదు.

అప్పు కలిపి పెద్దది కొనడం

"చేతిలో అరవై ఉంది, లోను పెట్టి కోటిన్నర ఫ్లాటే తీసుకో" అనే సలహా బూమ్‌లో బాగా వినిపిస్తుంది. 90 లక్షల అప్పుకు 8 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ నెలకు సుమారు రూ. 75,280. గెలుపు ఒక్కసారి వచ్చింది, ఈఎంఐ 240 సార్లు వస్తుంది. అది మీ జీతంలోంచో వ్యాపారంలోంచో రావాలి. రాదని తెలిసీ "రెండేళ్లలో అమ్మేద్దాం" అనుకుంటే, ఆ రెండేళ్లలో కొనేవాడు దొరకాలి. రేట్లు ఆగిపోయినప్పుడు ముందు మాయమయ్యేది కొనేవాళ్లే.

ఆట డబ్బు చేతిలో ఉన్నప్పుడు మనిషి మామూలుకంటే ఎక్కువ రిస్కు తీసుకుంటాడని రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లోనే పరిశోధించి చూపించారు. ఫ్లోరిడాలో 50 వేల నుంచి లక్షన్నర డాలర్ల దాకా లాటరీ తగిలినవారిని గమనిస్తే, మొదటి రెండేళ్లు దివాలా పిటిషన్లు బాగా తగ్గాయి, మూడో ఏడు నుంచి ఐదో ఏడు లోపు అంతే పెరిగాయి. మొత్తంమీద దివాలా వాయిదా పడింది, తప్పలేదు. అప్పులు తీర్చడానికి చాలినంత డబ్బు వచ్చినా అలా అయింది.

మరి ఏది తీసుకోవాలి

క్రెడిట్ కార్డు, బంగారు లోను, చేబదులు ఏవి ఉన్నా ముందు అవి తీర్చండి. పద్దెనిమిది, ఇరవై నాలుగు శాతం వడ్డీ అప్పు తీర్చడమంటే అంత రాబడి ఖాయంగా వచ్చినట్టు. విశాఖలో ఏ ప్లాటూ ఆ మాట ఇవ్వలేదు. పన్ను బాకీ పక్కన పెట్టి మిగిలిన డబ్బును ఆరు నెలలు డిపాజిట్లలో ఉంచండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే కాబట్టి రెండు మూడు గట్టి బ్యాంకుల్లో పంచండి. ఆరు నెలల్లో రేటు కొంత పెరిగిపోతే పోనివ్వండి. తొందరలో చెడ్డ సర్వే నంబరు కొన్నవాడి నష్టం ముందు ఆ తేడా చిన్నది.

అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి: అప్పు లేకుండా కట్టేసి ఉన్న ఫ్లాటు, లేదా పోర్షన్లున్న పాత ఇల్లు. 59 లక్షల్లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 48.5 దాటనివ్వకండి, మిగతాది ముట్టకుండా ఉంచండి. సొంతిల్లు ఉండి, నలభై లోపు వయసుండి, స్థిరమైన జీతం ఉన్నవారికి: ఆమోదిత లేఅవుట్‌లో చేరువ ప్లాటు, గెలుపులో సగానికి మించకుండా. అరవై దాటినవారికి ప్లాటు అసలు వద్దు. సీనియర్ సిటిజన్ స్కీంలో ఒక్కొక్కరికి 30 లక్షల దాకా 8.2 శాతం వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, ఆ వయసులో నెల గడవడానికి అదే మేలు. విదేశాల్లోనో, వేరే రాష్ట్రంలోనో ఉండి వచ్చి చూసుకోలేనివారికి ఫ్లాటు, అదీ అసోసియేషన్ చురుగ్గా పనిచేసే అపార్ట్‌మెంట్‌లో.

ఆట ఇంకా ఆపలేకపోతున్నవారి సంగతి ప్రత్యేకం. వాళ్లకు నేను డిపాజిట్ చెప్పను, ఫ్లాటు చెబుతాను. డిపాజిట్‌ను అర్ధరాత్రి ఫోన్లో రద్దు చేసుకోవచ్చు. ఫ్లాటు అమ్మాలంటే కొనేవాడు రావాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. అందరూ లోపం అనుకునే ఈ ఆలస్యమే ఇలాంటి ఇంటికి కాపలా. అయితే ఒరిజినల్ డాక్యుమెంట్లు కుదువ పెట్టించుకుని అప్పిచ్చే ప్రైవేటు ఫైనాన్స్‌వాళ్లు ఊరినిండా ఉన్నారు. కాబట్టి రిజిస్ట్రేషన్ భార్యాభర్తలిద్దరి పేరునా చేయించండి, అప్పుడు ఇంకొకరి సంతకం లేకుండా ఇల్లు మొత్తాన్ని ఎవరికీ రాసివ్వడం కుదరదు. డాక్యుమెంట్లు ఇద్దరి పేరున, ఇద్దరూ కలిసి వస్తేనే తెరిచే షరతుతో బ్యాంకు లాకర్లో పెట్టండి. ఆట మానలేని బాధకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు.